పక్కింట్లో మిగిలిన సంచి

దినకరన్‌కు నలభై ఎనిమిదేళ్లు. కోయంబత్తూరులో పగలు మోటార్లకు తీగ చుడతాడు, సాయంత్రాలు డ్రమ్స్ వాయిస్తాడు. పాతికేళ్లు పెళ్లిళ్లలో పరాయి పాటలకు వాయించి వాయించి మోకాళ్లు అరిగాయి. ఇన్నాళ్లకు, ఇంటి తెలుగులో సొంత పాటలు కట్టుకున్న చిన్న బ్యాండుతో ఊరూరా తిరిగే అవకాశం కుదిరింది. మొదటి షో మదురైలో, గురువారం. ఒంట్లో ఓపిక లేదు, ఈ తిరుగుడే ఆఖరని లోపల అనేసుకున్నాడు. ఆ లోపు అమ్మ ఒక్కసారి వింటే చాలు. వల్లియమ్మాళ్‌కు డెబ్బై నాలుగు. కొడుకు వాయింపు వినడానికి ఇంతవరకు గడప దాటలేదు. "ఆ దబదబ నాకెందుకురా" అనేది.

వినకపోయినా శాస్త్రం మాత్రం వదలదు. గురువారం దక్షిణానికి శూలం, మదురై ఉన్నది అటే, బయలుదేరకూడదు. దానికీ ఆమె దగ్గర ఉపాయముంది. ముందురోజే మంచి గడియ చూసి సామానులో ఒకటి పక్కింటికి చేరిస్తే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. మర్నాడు దాన్ని తీసుకుని పోవచ్చు. బుధవారం ఆమె పక్కింటి జోతిమణి దగ్గర పెట్టి వచ్చింది డ్రమ్ము పుల్లలూ కాలి పెడలూ ఉన్న సంచినే.

తెల్లవారి నిద్రమత్తులో వ్యానుకెత్తేటప్పుడు ఆ సంచి ఎవరికీ గుర్తు రాలేదు. మధ్యాహ్నం మదురై హాల్లో డ్రమ్ములు బిగిస్తుంటే తెలిసింది.

"నీ శాస్త్రం నా కొంప ముంచిందమ్మా!" అని ఫోనులో అరిచాడు.

"అరవొద్దురా. తీసకపోవాల్సింది నువ్వు గదా. పెట్టు ఫోను."

గిటారు వాయించే మదన్ తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు. పెడల్ దొరకలేదు. "అణ్ణా, డ్రమ్స్ లేకుండానే పాడేస్తాను, నువ్వు కూచో" అంది పాడే పిల్ల మాలిని. సిగ్గుపడాల్సిన మాటే గానీ, ముందు దినకరన్‌కు హాయిగా అనిపించింది. తర్వాత ఏడుపొచ్చింది.

ఆరున్నరకు గుమ్మంలో వల్లియమ్మాళ్, చంకలో సంచి. ఐదు గంటల బస్సు ప్రయాణం, తలనిండా దుమ్ము. శూలమంటే ఎవరినీ ఇల్లు కదలనివ్వని మనిషి, గురువారం పూట, ఏదీ పక్కింట్లో పెట్టకుండా ఒంటరిగా దక్షిణానికి వచ్చేసింది.

"శూలం గదమ్మా!"

"నాకు తెల్దా? సీక్రం పో, నేరమాయె, ఇప్పటికే పొద్దుపోయింది."

ముందు వరసలో కూర్చోబెట్టాడు. రెండో పాటలో తలెత్తి చూస్తే నోరు తెరుచుకుని నిద్రపోతోంది. అంత అలిసిన ముసలమ్మ మీద ఎవరికి కోపమొస్తుంది? దినకరన్‌కు వచ్చింది, రెండు పాటలసేపు. తర్వాత ఆమె కాళ్లు కనబడ్డాయి, చెప్పుల్లో పట్టనంతగా వాచి. ఆ పైన కోపం నిలవలేదు.

చివర్లో చప్పట్లకు ఉలిక్కిపడి లేచింది. "ఎప్పుడు మొదులు పెడ్తావురా?"

అతను పుల్లలూ పెడలూ సంచిలో సర్దాడు. "రేపమ్మా. కంబంలో."

ఆమె వేళ్లు మడిచి చూసుకుంది. "రేపు శుక్రవారం. కంబం ఇక్కడికి పడమర గదా, అటు శూలం." సంచి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. "పా, దీన్ని ఇక్కడే ఎవురింట్లోనైనా పెట్టేసి వస్తాము. రేపు నేనే మరవకుండా తీసకొస్తాను."