కాలువలో ఈదిన పిల్లలతో విశాఖపట్నం

మా అమ్మాయి శిరీషకు ఈత నేర్పించింది పతకాల కోసం కాదు. దానికి నాలుగేళ్ళప్పుడు బండారులంకలో మా ఇంటి ముందు కాలువలో పడింది. రేవులో బట్టలు ఉతుకుతున్న ఒకావిడ జుట్టు పట్టుకుని పైకి లాగింది. నేను గట్టు మీదే ఉన్నాను. నాకు ఈత రాదు. అరవడం కూడా రాలేదు ఆ రోజు. అది ఏడో తరగతికి రాగానే అమలాపురంలో సూర్యారావు మాస్టారి దగ్గర చేర్పించాను. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. క్లబ్బు అంటే పన్నెండు మంది పిల్లలు, ఒక విజిలు, ఒక స్టాప్‌వాచీ, కాలువలో యాభై మీటర్ల దూరంలో పాతిన రెండు వెదురు గడలు. అంతే.

పిల్ల మునిగిపోకుండా ఉంటే చాలనుకున్నాను. మాస్టారేమో దాని ఈతకు టైము చూసి జిల్లా పోటీలకు పంపారు. అక్కడ రెండో స్థానంలో వచ్చింది. తొంభైల చివర్లో ఒక మే నెలలో రాష్ట్ర పోటీలు విశాఖపట్నంలో పెట్టారు. ఆడపిల్లలతో ఇంట్లోంచి ఒక ఆడమనిషి రావాలన్నారు. అది పెళ్ళిళ్ళ కాలం. మా ఇంట్లో మగ్గాలన్నీ నడుస్తున్నాయి, మావారికి కదలడానికి లేదు. అందుకని నేను బయల్దేరాను. మీలో ఎవరైనా పిల్లల్ని ఇలాంటి పోటీలకు తీసుకెళ్ళాల్సి వస్తే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అసలు కష్టం ఏప్రిల్లో మొదలైంది. మరమ్మతులకని కాలువలు కట్టేశారు. రెండు గడలూ ఎండిన బురదలో నిలబడ్డాయి. పోటీలు నెల రోజుల్లోకి వచ్చాయి. మాస్టారు పిల్లల్ని బోడసకుర్రు దగ్గర వైనతేయ నదిలోకి తీసుకెళ్ళారు. అక్కడ సముద్రం పోటు పాటు ఉంటుంది. నీరు నిలకడగా ఉన్న గంటసేపు చూసుకుని దింపేవారు. పిల్లల వెనక ఒక నావ నడిచేది. ఆ నావలో నేను అంచు పట్టుకుని కూర్చునేదాన్ని. మూడు వారాల్లో ఒక్కరోజు కూడా నా కళ్ళు దాని తల మీంచి పక్కకి తిప్పలేదు. మా అత్తగారైతే పిల్లకి ఆ పొట్టి బట్టలేంటని ఒకపక్క, నది ఎవరి మాటా వినదని ఇంకోపక్క గొడవ.

వెళ్ళే ముందు ఒక కాగితం వచ్చింది. ఏం జరిగినా నిర్వాహకులకు బాధ్యత లేదని తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. మావారు పెట్టేసి మగ్గం దగ్గరికి వెళ్ళిపోయారు. నేను ఆ ఒక్క వాక్యాన్ని చాలాసేపు చదివి, ఆయన సంతకం కింద నాది కూడా పెట్టాను.

తెల్లవారుజామున అయిదుంబావుకి అమలాపురంలో రాజమండ్రి బస్సెక్కాం. మొత్తం అయిదుగురం. మాస్టారు, నేను, శిరీష, ఇంకా మలికిపురం కొబ్బరి వ్యాపారి రాంబాబు గారూ, వాళ్ళబ్బాయి కిశోరూ. కిశోర్ అమలాపురంలో హాస్టల్లో ఉండి తొమ్మిది చదివాడు. నాలుగు వందల మీటర్లు ఈదుతాడు, క్లబ్బులో వాడిని మించినవాడు లేడు. రాంబాబు గారు బస్సెక్కిన దగ్గర్నుంచీ ఉడకబెట్టిన గుడ్లు ఒలిచి కొడుకు చేతిలో పెడుతూనే ఉన్నారు.

"మూడు తిన్నాడండి, చాలదంటారా?" అని మాస్టారిని అడిగారు.

"ఈదాల్సింది రేపండి," అన్నారు మాస్టారు.

"ఆయ్," అని ఆయన నాలుగోది ఒలిచారు.

కొత్తపేట దాటేసరికి తెల్లారింది. ఎనిమిదికి రాజమండ్రి చేరి, స్టేషన్ బయట ఇడ్లీ తిని, తొమ్మిదిన్నరకు రైలెక్కాం. రెండో తరగతిలో పిల్లలకు మాత్రం సీటు దొరికింది. అన్నవరంలో ఎక్కిన ఒక పెద్దావిడ ఎక్కడికని అడిగింది. ఈత పోటీలకని చెప్పాను.

"నీళ్ళతో పోటీ ఏంటమ్మా," అంది ఆవిడ. "ఆడపిల్లేనా?"

తుని దాటేదాకా ఆ మాటే చెవిలో తిరిగింది.

ఒంటిగంటన్నరకు విశాఖపట్నంలో దిగి, సిటీ బస్సులో బసకు వెళ్ళాం. వేసవి సెలవుల్లో ఖాళీగా ఉన్న ఒక బడిలో గదులిచ్చారు. బెంచీలు గోడకు జరిపి చాపలు వేసుకున్నాం. దుప్పటి, తాళంకప్ప మనమే తీసుకెళ్ళాలి. బడి ఇచ్చే పుట్టిన తేదీ సర్టిఫికెట్టు, డాక్టరు సర్టిఫికెట్టు రెండేసి కాపీలు ఉంచుకోండి. ఒక కాపీ తీసుకుని తిరిగివ్వరు. భోజనం బాగానే ఉంది గాని సాంబారు కారం. పిల్లలకు పెరుగన్నం పెట్టించాను.

నాలుగున్నరకు ఈతకొలను చూడ్డానికి వెళ్ళాం. అంత నీలంగా ఉన్న నీటిని నేనెప్పుడూ చూడలేదు. అడుగున పరిచిన పలకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఒక చివర నాలుగడుగుల లోతు. రెండో చివర ఎంతో గోడ మీద రాసి ఉంది. నేను చదవలేదు.

శిరీష జడ మొత్తం రబ్బరు టోపీలోకి దూర్చడానికి పది నిమిషాలు పట్టింది. జుట్టు కత్తిరించమని మాస్టారు రెండేళ్ళుగా చెబుతున్నారు. నేను ఒప్పుకోలేదు. కాలువలో పడ్డ రోజు ఆవిడ పట్టుకుని లాగింది ఆ జుట్టే. ఆ సంగతి మాస్టారికి చెప్పలేదు, ఊరికే వద్దన్నానంతే.

అది దూకింది. పాతిక మీటర్లదాకా బాగానే వెళ్ళింది. నేను గట్టు మీద దాని పక్కనే నడుస్తున్నాను. నేల పల్లంగా దిగిపోయే చోట ఒక్కసారి చెయ్యి ఆగింది. నీళ్ళు మింగుతూ పక్కకి కొట్టుకుని, మధ్యలో కట్టిన తాడు పట్టుకుంది. పట్టుకున్నది మళ్ళీ వదల్లేదు. మాస్టారు నీళ్ళలోకి దిగి తీసుకురావాల్సి వచ్చింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. మే నెల ఎండలో.

"ఏమైందే?" అన్నాను.

"కింద కనబడుతోందమ్మా."

"ఏం కనబడుతోంది?"

"నేల. చాలా కిందకి ఉంది."

మాస్టారు నెమ్మదిగా చెప్పారు, "వైనతేయలో ఇంతకంటే లోతుందమ్మా. నువ్వు రోజూ ఈదేవు కదా."

"అక్కడ కనబడదండి," అంది శిరీష.

అప్పుడు నాకు తెలిసింది. కాలువలో గాని నదిలో గాని మా పిల్లలు ఎన్నడూ అడుగు చూడలేదు. కింద ఏముందో తెలియకే అంత ధైర్యంగా ఈదారు. మర్నాడు పదిన్నరకు దాని పోటీ, రెండు వందల మీటర్లు. వెనక్కి వెళ్ళిపోదామని రెండుసార్లు అనబోయి, మాస్టారి మొహం చూసి మానేశాను.

పొద్దున్న తొమ్మిదికి కిశోర్ పోటీ. ఎనిమిది మంది దూకారు. నాలుగు వందల మీటర్లంటే ఆ చివరినుంచి ఈ చివరికి ఎనిమిదిసార్లు. ఆరోసారికి వాడు మూడో స్థానంలో ఉన్నాడు. రాంబాబు గారు తువ్వాలు నలిపేస్తూ గట్టు వెంబడి తిరుగుతున్నారు. ఏడోసారి లోతున్న వైపు వెళ్తూ వాడు ఆగాడు. తల మునిగింది, ఒక చెయ్యి మొహం దగ్గర కొట్టుకుంది. తల మళ్ళీ మునిగింది.

ఏం జరిగిందో నేను గ్రహించేలోపే రాంబాబు గారు నీళ్ళలో ఉన్నారు. పంచె, చొక్కా, చేతి గడియారం, అన్నిటితో. నాలుగు బారల్లో కొడుకుని చేరి చంక కింద చెయ్యి వేసి గట్టుకి లాగారు. విజిళ్ళు మోగాయి. వాడు విదిలించుకుంటూ అరిచాడు, "కళ్ళద్దాల్లోకి నీళ్ళొచ్చాయి నాన్నా. తీసుకుంటున్నాను. అంతే."

బయటివాళ్ళు ముట్టుకుంటే పోటీ నుంచి తీసేస్తారు. ఎర్రటోపీ పెట్టుకున్న రిఫరీ వచ్చి ఆ మాట చెప్పి, రాంబాబు గారిని ఆవరణ బయటికి వెళ్ళమన్నాడు. ఆయన నీళ్ళోడుతూ నిలబడ్డారు.

"మునిగిపోతన్నాడనుకున్నానండి," అన్నారు. ఎవరితో అన్నారో తెలియదు. కిశోర్ తువ్వాలు తల మీద కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. గట్టు మీద కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన దూకిన క్షణంలో నా కాలు కూడా గట్టు అంచు మీద ఉంది. ఈత రాని నేను ఏం చేద్దామని అక్కడిదాకా వెళ్ళానో ఇప్పటికీ చెప్పలేను.

మాస్టారు అది చూశారు. నా దగ్గరికి వచ్చి, "సత్యవతి గారూ, మీరు కూడా గేటు బయట ఉండాలండి," అన్నారు.

"నేను దూకనండి. నాకు ఈత రాదు."

"దూకుతారని కాదమ్మా. పిల్ల ఊపిరికి తల తిప్పినప్పుడల్లా మీ మొహం కనబడతంది. నిన్న తాడు పట్టుకునే ముందు అది చూసింది నేలని ఒక్కదాన్నే కాదు."

నాకు కోపం వచ్చింది. శిరీషని పిలిచి, "నువ్వు చెప్పవే, నేను ఉండాలా వెళ్ళాలా?" అన్నాను. అది టోపీ అంచు సవరించుకుంది.

"బయట ఉండమ్మా," అంది.

గేటు బయట ఒక నిమ్మసోడా బండి, స్టూలు మీద వాచ్‌మన్, ఎండలో నిలబడి పంచె పిండుకుంటున్న రాంబాబు గారు. గోడ నా తలకంటే ఎత్తు. ఆయన పొడుగరి, మునివేళ్ళ మీద లేస్తే లోపలికి కనబడుతుంది.

పదీ నలభైకి మైకులో పేర్లు చదివారు. మా అమ్మాయి పేరు తప్పుగా చదివారు. విజిలు, ఆ తర్వాత ఎనిమిది మంది ఒక్కసారి నీళ్ళలో పడిన చప్పుడు.

"చూసి చెప్పమంటారా చెల్లెమ్మగారూ?" అన్నారు రాంబాబు గారు.

"వద్దండి అన్నయ్యగారూ."

"ఆయ్. నాకూ చూడాలని లేదండి."

గేటులోంచి కొలను కనబడదు. ఊచలు రెండు చేతులతో పట్టుకున్నాను. లోపల కేకలు పెరిగి, తగ్గాయి. ఒకచోట బొత్తిగా ఆగిపోయాయి. ఆ కాలువ గట్టు మీద గొంతు రాకుండా నిలబడ్డ రోజు మళ్ళీ వచ్చినట్టయింది. అంతలో లోపల విజిలు మోగింది. నేను గేటు తోయబోయాను.

"అది కాదండి," అన్నాడు వాచ్‌మన్ స్టూలు మీంచి లేస్తూ. "గట్టు మీద పరిగెత్తే పిల్లలకి ఊదుతారు. రోజూ ఉండేదే."

రాంబాబు గారు సోడా తెచ్చి నా చేతిలో పెట్టారు. తాగలేదు, ఊరికే పట్టుకున్నాను. చప్పట్లు వినిపించాయి. ఎవరికో తెలియదు. గెలిచినవాళ్ళకి కొట్టారా, బయటికి లాగిన పిల్లకి కొట్టారా అన్నది ఆ గోడ అవతలినుంచి చెప్పడం సాధ్యం కాదు.

అయిదారు నిమిషాలకి శిరీష తానే నడుచుకుంటూ వచ్చింది. టోపీ తీసేసింది, జడ మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఎడమ చెయ్యి మోచేతినుంచి మణికట్టుదాకా ఎర్రగా గీరుకుపోయింది.

"అయిదో స్థానం వచ్చిందమ్మా," అంది. "మొదటి రెండుసార్లూ కళ్ళు మూసుకున్నాను. తాడుకి గుద్దుకుని చెయ్యి గీరుకుంది. అప్పుడు తెరిచాను."

"భయం వెయ్యలేదా?"

"వేసింది. కానీ మధ్యలో ఆగితే అక్కడే ఎక్కువసేపు ఉండాలి కదా."

అయిదో స్థానానికి పతకం లేదు, కాగితం ఇస్తారు. జిల్లాలో ఈదినదానికంటే నాలుగు సెకన్లు తక్కువ పట్టిందని మాస్టారు స్టాప్‌వాచీ నాకు చూపించారు. ఆ అంకెలు నా కళ్ళకి ఆనలేదు. ఆ చెయ్యికి కొబ్బరినూనె రాస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం రెండుంబావుకి తిరుగు రైలు. ఎండ దంచేస్తోంది, కిటికీ ఊచలు ముట్టుకుంటే చురుక్కుమంటున్నాయి. కిశోర్ పొద్దుటినుంచీ తండ్రితో మాట్లాడలేదు. అనకాపల్లిలో రాంబాబు గారు జామకాయలు కొని అందరికీ ఇచ్చి, కొడుకు వంతు వాడి పక్కన పెట్టారు. వాడు ముట్టుకోలేదు. తుని దాటాక, కిటికీలోంచి చూస్తూనే అడిగాడు.

"నాన్నా, నాలుగు బారల్లో ఎలా వచ్చేవు? పంచెతో?"

"ఈదినట్టు గుర్తులేదురా," అన్నారాయన. తువ్వాలు మడుస్తూ, "తప్పయిందిరా. ఏడాదంతా కష్టపడ్డావు," అన్నారు.

కిశోర్ జామకాయ తీసుకున్నాడు. కొరకలేదు, చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. సామర్లకోట వచ్చేసరికి సగం తిని, మిగతా సగం తండ్రికిచ్చాడు.

ఆరు కాకముందే రాజమండ్రిలో దిగి బస్సు పట్టుకున్నాం. జొన్నాడ వంతెన మీదకి వచ్చేసరికి వెలుగు సన్నగిల్లింది. కింద గౌతమి, సగం ఇసుక, సగం నీరు. పిల్లలిద్దరూ ఒకే కిటికీలోంచి తలలు పెట్టి చూస్తున్నారు. కాలువలు వదిలేలోపు ఇక్కడికొచ్చి ఈదొచ్చా అని మాస్టారిని అడుగుతున్నారు. ఆయన చూద్దాం అంటున్నారు. నేను ముందు సీటు కడ్డీ పట్టుకున్నాను. రాంబాబు గారు నా వైపు చూశారు.

ఈ ప్రయాణంతో భయం పోతుందేమోనని ఎక్కడో ఆశ పడ్డాను. పోలేదు. ఆ భయానికి ఎక్కడ నిలబడాలో మాత్రం తెలిసింది. ఆ తర్వాత మూడేళ్ళు విజయవాడకీ, హైదరాబాదుకీ శిరీషతో వెళ్ళాను. దాని ఈత ఒక్కసారీ చూడలేదు. మీ పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఇంకొక్క మాట. గేటు బయట ఎక్కడా నీడ ఉండదు. గొడుగు తీసుకెళ్ళండి.