బొగ్గు ఉండలకు వచ్చిన కెమెరా

మన ఇల్లందులో సినిమా తీస్తున్నారు, తెలుసా అక్కా! ఇవాళ వీధిలో తడి బొగ్గుపొడి వాసన తగలగానే ఉరికాను. గుర్తుందా, చిన్నప్పుడు బడి నుంచి రాగానే బొగ్గుపొడిలో మట్టి కలిపి, పొయ్యికి ఉండలు చుట్టి గోడ పక్కన ఎండబెట్టేవాళ్ళం?

అక్కడ షూటింగ్‌లో హీరోయిన్ చుట్టిన ఉండలన్నీ విరిగిపోతున్నాయి.

"ఏంది బిడ్డా, లడ్డూలు చుడుతున్నవా? జర మట్టి ఎక్కువ కలుపు," అని పక్కన కూర్చుని చేసి చూపించాను. డైరెక్టర్ కెమెరాను నా చేతుల మీదికే తిప్పించాడు!

"అమ్మా, తెర మీద మీ పేరు వేస్తాం. ఏం పేరు?" అన్నాడు.

నా బిడ్డ రజిత చనిపోయినప్పటి నుంచి, నేను ఏడుస్తానని, 'రజిత వాళ్ళమ్మా' అని ఎవరూ పిలవడం లేదు.

"రజిత వాళ్ళమ్మ అని రాయి సారూ. జర పెద్దగ రాయి," అన్నాను.