కాక చాయల బస్సు గోలి

"ఈ వాంతుల గోలి మింగి బండి నడపకు అన్నా, నిద్ర గుంజుతది" అన్నడు నిన్న మందుల షాపాయన. తెల్లగోలి చూడంగనే బొగ్గుబాయిల పనిచేసిన కాక, మా నాయిన తమ్ముడు, యాదికొచ్చిండు.

చిన్నప్పుడు పెద్దపల్లి బస్సెక్కితే నేను కక్కుడు, కాక ఎక్కిరించుడు. "నీ కడుపు కన్న బాయి నయంరా, బొగ్గన్న వస్తది!" బస్సంత నవ్వేది. అమ్మ గోలి మింగిస్తే నేను గమ్మున పడుండేటోన్ని. అది నోరు మూయించే మందనుకొని, కాక మీది కసితోటి, ఆయన మొదటి షిఫ్టుకు పోయే ముందు మూడు గోలీలు నూరి చాయల కలిపిన.

బాయిల బొగ్గు టబ్బులు నడిచే పట్టాల మీదనే కాక నిద్రవోయిండు. పక్కోడు గుంజకుంటే పానం పోయేది. తాగొచ్చిండని ఇంటికి పంపిన్రు.

"వదినా, నీ చాయ తప్ప ఏం తాగలే!"

"తాగుబోతులందరు గదే అంటరు" అన్నది అమ్మ.

ఊరంతటికీ అబద్ధాలు చెప్పి నవ్విస్త. ఆ ఒక్క నిజానికే ఇప్పటికీ నోరు లేస్తలేదు.