డాక్టర్ ట్రాస్క్ పరీక్ష

లారీ గుద్దినవాళ్లు దావా వేస్తే, లారీ కంపెనీల తరఫున వాళ్ల నడుములు పరీక్షించే డాక్టర్ ట్రాస్క్‌ది జాలిలేని చూపు, నున్నని గోళ్లు. నొప్పెక్కడని అడుగుతూనే గడియారం చూసుకుంటాడు. ఆ తర్వాత కావాలనే కలం జారవిడుస్తాడు.

ఒడెస్సా అనే ఆమె అమెరికాలోని జార్జియాలో బడి వంటమనిషి. ఆమె కారును వెనకనుంచి లారీ గుద్దింది. పెద్దల చేతిలోది కింద పడితే చూస్తూ కూర్చోకూడదని పెంచారామెను. పళ్లు బిగించి వంగి తీసింది.

"ఇదిగోండి సార్."

"బాగానే వంగావు తల్లీ," అన్నాడు.

నడుము ఆపరేషన్‌కి ఆమె పరిహారం అడిగితే, ట్రాస్క్ కోర్టులో తీర్పు చెప్పే జూరీ వైపు తిరిగి, "నా కళ్లముందే వంగిందండీ. ఆ నడుముకేం రోగం?" అన్నాడు. జూరీ నమ్మి ఒక్క డాలరూ ఇప్పించలేదు.

ఆ రోజు పరీక్ష గదిలో వంగినామె లేవలేక బల్లకాలు పట్టుకుని ఏడుస్తుంటే, తన బూటు పక్కకు జరుపుకుని తర్వాతి మనిషిని పిలవమన్న సంగతి ఆ పెద్దమనిషి చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.