తెర మీది బిడ్డ

పుప్పాలగూడకు నన్ను నర్సుగా వేసినప్పుడు ఆ ఊరికి పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు వచ్చేవి. ఆ రెంటి మధ్యలో ఎవరి ప్రాణం మీదికైనా వస్తే ఎడ్లబండే దిక్కు. డెబ్బైల నడుమ సంగతి ఇది. ఊరి చుట్టూ బండరాళ్ళు, వాటి సందుల్లో జొన్నచేలు, పగలంతా రాళ్ళు కొట్టే కూలీల సుత్తుల చప్పుడు. ఆ చప్పుడు ఆగిపోయే సాయంత్రమంటే నాకు దిగులుగా ఉండేది. ఆ తర్వాత తెల్లవారేదాకా నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. ఒక్కదాని కోసం వండితే కూర ఎప్పుడూ మిగిలిపోతుంది. మర్నాడు పొద్దున అదే తినేదాన్ని.

మాది తెనాలి వైపు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా కడుపు పండలేదని మా ఆయన నన్ను పుట్టింట్లో దించి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఏడాది తిరక్కుండా ఇంకొకావిడను తెచ్చుకున్నాడు. వదిన పెట్టే అన్నం తింటూ ఆవిడ చూపులు భరించడం నా వల్ల కాలేదు. నాకు కాస్త నోరెక్కువ కూడా. నర్సు శిక్షణకు చేరాను, ఆ తర్వాత వెళ్ళడానికి ఎవరూ ఒప్పుకోని ఊరికి ఉద్యోగం వేయించుకుని వచ్చాను. గది కిరాయికి ఇచ్చేటప్పుడు ఇంటావిడ "నీ మొగుడేడి?" అని అడిగింది. "ఊళ్ళో ఉన్నారండీ" అన్నాను. అది అబద్ధమేమీ కాదు. ఊళ్ళోనే ఉన్నాడు, ఆ ఇంకొకావిడతో ఉన్నాడు. మెళ్ళో పుస్తెలు కనిపిస్తున్నాయి కాబట్టి ఆవిడ మళ్ళీ అడగలేదు.

మొదటి ఏడాదంతా ఊళ్ళో నాకు మర్యాదే కానీ చనువు లేదు. నేను వీధిలోకి వస్తున్నానంటే చాలు, తలుపులు పడేవి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లకు మనుషుల్ని పట్టుకుపోతున్నారని ఎక్కడ చూసినా చెప్పుకునే రోజులవి. సూది మందు సంచీతో వచ్చే ఆడదాన్ని ఎవరు నమ్ముతారు? పిల్లలు మాత్రం నా వెనక నడుస్తూ నా కోస్తా మాటను "అండి, అండి" అని వెక్కిరించేవాళ్ళు. అదైనా ఒక పలకరింపే అనుకునేదాన్ని.

ఇంతలో ఊరి బడికి టీవీ వచ్చింది. బడి కప్పు మీద కోళ్ళ గూటికి కట్టే జాలీతో చేసిన పెద్ద గొడుగును ఆకాశంకేసి తిప్పి నిలబెట్టారు. సాయంత్రం కాగానే పంతులుగారు తాళం తీసి ఆ పెట్టె మోగించేవారు. ఊరంతా దాన్ని డబ్బా అనేది. ముందు పిల్లలు, వాళ్ళ వెనక ఆడవాళ్ళు, గోడవారగా చుట్టలతో మగవాళ్ళు. పైరుకు పట్టే పురుగు గురించి, బాలింత తిండి గురించి, పిల్లల జబ్బుల గురించి అందులో చెప్పేవారు. నేను ఏడాదిగా గుమ్మం గుమ్మానికీ తిరిగి చెప్పిన మాటలే అవి. నేను చెబితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు. డబ్బా చెబితే నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. నాకు కుళ్ళుగానే ఉండేది.

ఒకరోజు ఆ డబ్బాలో వేసే బొమ్మ తీయడానికి పట్నం నుంచి మనుషులు వచ్చారు. పసిపిల్లలకు విరేచనాలైతే ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు తాగించమని చెప్పే బొమ్మ అది. సెలైను సీసాలు లేని ఊళ్ళలో కూడా ఆ నీళ్ళతో బిడ్డల్ని దక్కించుకోవచ్చని డాక్టర్లు కొత్తగా గట్టిగా చెబుతున్న కాలం. తల్లి వేషానికి ఊళ్ళో పెద్దరైతు కోడలు ఒప్పుకుంది. తీరా వాళ్ళు కెమెరా నిలబెట్టాక ఆమె మామ వచ్చి, "మా ఇంటి కోడలి మొఖం పది ఊర్లకు సూపిస్తరా?" అని అందరి మీదికీ లేచి, కోడల్ని లోపలికి పంపేశాడు. బొమ్మ తీసే ఆయన అటూ ఇటూ చూసి నన్ను పట్టుకున్నాడు.

"మీరే కూర్చోండి సిస్టర్. చీరకొంగు తల మీదికి తీసుకోండి, చాలు."

బిడ్డను రాళ్ళు కొట్టే వాళ్ళ గుడిసెల్లోంచి తెచ్చారు. ఆడపిల్ల, ఇంకా పాకడం రాలేదు. తల్లి కనబడుతుంటే అటే చూసి ఏడుస్తోందని ఆ తల్లిని గోడ చాటుకు పంపారు. నేను ఒళ్ళో పెట్టుకుని చెంచాతో నీళ్ళు పట్టాను. ఆ పిల్ల ఏడుపు ఆపి, నా చూపుడువేలు గుప్పిట్లో బిగించి, చెంచా వంక చూస్తూ తాగింది. ఇంకోసారి, ఇంకోసారి అని ఆయన తీయిస్తూనే ఉన్నాడు. నాకు విసుగు రాలేదు. ఆఖరికి తల్లి వచ్చి పిల్లను తీసుకుంటే నా ఒడి ఉన్నట్టుండి చల్లబడింది. ఆ వేసవిలోనే ఆ పిల్ల తల్లిదండ్రులు గుడిసె పీక్కుని వేరే చోట రాళ్ళు కొట్టడానికి వెళ్ళిపోయారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

కొన్ని వారాలకు ఆ బొమ్మ డబ్బాలో వచ్చింది. నేను వెనక నిలబడి చూశాను. నా నోరు కదులుతుంటే ఎవరో రేడియో ఆవిడ గొంతు తియ్యగా వినబడుతోంది. నేను నవ్వు ఆపుకున్నాను. ఆ తర్వాత చూసినంతసేపూ నా కళ్ళు ఆ పిల్ల మీదే ఉన్నాయి. బొమ్మ అయిపోగానే ఆడవాళ్ళంతా ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూశారు.

మర్నాటి నుంచి తలుపులు మూయడం మానేశారు.

"నీ బిడ్డ మంచిగున్నదా నర్సమ్మా?" ఎవరి గుమ్మంలో అడుగుపెట్టినా ఇదే ప్రశ్న.

"నా బిడ్డ కాదండీ. ఎవరో కూలీల బిడ్డ."

"ఆఁ ఆఁ, తెలుసు లే." అని వాళ్ళలో వాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఎందుకు నవ్వుతున్నారో మొదట అర్థం కాలేదు. పురుళ్ళు పోసే ముసలామె ఒకరోజు నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. "నా బిడ్డ కాదు అని గట్లనే అనుకుంట ఉండు బిడ్డా. ఇంతమంది కండ్లు పడ్డయి కదా, దిష్టి తాకుతది. నా కొడుకు పుట్టినప్పుడు నేను గూడ గట్లనే అన్న. తవుడుకు కొన్న పోరడు అని చెప్పిన."

ఇక నేనేం చెప్పను? కాదన్నకొద్దీ జాగ్రత్తగల తల్లినైపోతున్నాను. నిజం అంత నిక్కచ్చిగా చెబుతూ అబద్ధాలకోరైన మనిషిని నన్నే చూశాను. బొమ్మ తీసిన రోజు ఊరు చాలావరకు చేలల్లో ఉంది, చూసినవాళ్ళ మాట ఎవరూ పట్టించుకోలేదు. బిడ్డ అత్తగారి దగ్గర పెరుగుతోందని వాళ్ళే తేల్చేశారు. పేరు అడగలేదు, పేరు పైకి అంటే కూడా దిష్టే కదా. మొక్కజొన్న కంకులు వచ్చేవి, సీతాఫలాలు వచ్చేవి. తమ పిల్లల్ని తెచ్చి నా ఒళ్ళో వేసి, సూదులు వేయమనేవాళ్ళు. నాకు ఉద్యోగం ఒక్కసారిగా సులువైపోయింది. గదికి వచ్చి తలుపు వేసుకున్నాక మాత్రం ఆ ప్రశ్న చెవుల్లో మోగుతూ ఉండేది. చిరాకు పుట్టేది, ఏడుపూ వచ్చేది.

ఆ వానాకాలం మా ఇంటావిడ మనవడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఏడాది నిండని పిల్లాడు. ఇంటావిడ కొడుకు జీడిమెట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ అక్కడే ఉండేవాడు, సెలవు రోజున వచ్చేవాడు. ఇంట్లో అత్తా కోడలూ మాత్రమే. కోడలు నోట్లో నాలుక లేని పిల్ల, అత్త ముందు గట్టిగా దగ్గడం కూడా నేను వినలేదు. ఆ పొద్దున నేను పక్క ఊరి నుంచి తిరిగొచ్చేసరికి పిల్లాడు అరుగు మీద వడలిపోయి ఉన్నాడు. మాడు గుంటపడింది. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడింది. ఏడుస్తున్నాడు కానీ కళ్ళలో నీళ్ళు లేవు. పొద్దుటి బస్సు వెళ్ళిపోయింది. బండి కట్టించి పట్నం దవాఖానకు చేర్చేలోపు ఏమైనా కావచ్చు.

"నీళ్ళు పట్టారా?" అని అడిగాను.

"నీళ్లా? రాత్రి నుంచి సుక్క పొయ్యలే," అంది ఇంటావిడ. "కారే కుండల నీళ్లు పోస్తే నిలుస్తయా? పోసినకొద్ది కారుతది."

గ్లాసుడు కాచి చల్లార్చిన నీళ్ళలో చిటికెడు ఉప్పు, చెంచాడు చక్కెర కలిపి, కన్నీళ్ళకంటే ఉప్పగా లేవని రుచి చూసి పట్టుకొచ్చాను. అప్పటికే పిల్లాణ్ణి లోపలికి చేర్చి, ఇంటావిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఇద్దరు కొడుకుల్ని ఇదే జబ్బుకు పోగొట్టుకుంది. మిగిలిన ఒక్కడికి పుట్టిన ఒక్క పిల్లాడు వీడు.

"గా డబ్బల నీ బిడ్డకు ఇవే తాపినవు కదా. తర్వాత బతికిందా? మంచిగున్నదా? నిజం చెప్పు."

"మంచిగానే ఉండుంటుందమ్మా. ముందు నన్ను పట్టనివ్వండి."

"ఉండుంటుంది ఏంది? తెచ్చి సూపియ్యి. కబురు పెట్టు, నీ అత్తను తెమ్మను. నా కండ్లతోటి సూస్త, అప్పుడు తాపు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మంచిగుందని ఒట్టు వేస్తే చూపించమంటుంది. బిడ్డే లేదంటే, పిల్లలు లేని దాని చేతి నీళ్ళు జబ్బు పిల్లాడికి పట్టనిస్తుందా? లోపల పిల్లాడి ఏడుపు సన్నబడిపోతోంది. ఆలోచించడానికి వ్యవధి లేదు.

"నాకు బిడ్డ లేదమ్మా," అన్నాను. "దిష్టికి దాచడం కాదు. నిజంగానే లేదు. నాకు పిల్లలు పుట్టరు. అందుకే మా ఆయన నన్ను వదిలేసి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఆ పిల్ల కూలీలది. ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. కానీ ఈ నీళ్ళకు పిల్లలు బతుకుతున్నారు, శిక్షణలో నా కళ్ళతో చూశాను. నేను ముట్టుకోను. మీ చేత్తోనే పట్టండి."

ఆ ఊళ్ళో ఆ మాటలు నా నోట రావడం అదే మొదలు. ఇంటావిడ నన్ను ఎప్పుడూ చూడనిదానిలా చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది కూడా. ఆ అడుగు నాకు బాగా తగిలింది.

అప్పుడు లోపలి నుంచి కోడలు వచ్చింది. అత్త పక్కనుంచి చెయ్యి చాపింది.

"ఇటియ్యి అక్కా. నేను తాపుత."

"నీకేమెర్క? లోపలికి పో," అంది అత్త.

"నా కొడుకు అత్తా," అంది ఆ పిల్ల. చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

గ్లాసు ఆమె చేతికిచ్చి నేను వాకిట్లో కూర్చున్నాను. చెంచా చెంచాకీ కాస్త ఆగమని, కక్కితే మళ్ళీ మెల్లగా మొదలుపెట్టమని బయటి నుంచే చెబుతున్నాను. గ్లాసు అయిపోతే ఇంకొకటి కలిపిచ్చాను. మధ్యాహ్నం దాటింది. విరేచనం ఆగలేదు, పట్టడమూ ఆపలేదు. వాన పడి వెలిసింది. వాకిట్లోంచి నన్ను ఎవరూ లోపలికి రమ్మనలేదు, నేనూ వెళ్ళలేదు. సుత్తుల చప్పుడు ఆగే వేళకు లోపల పెద్ద కేక వినబడింది.

"ఉచ్చ పోసిండు! ఓ నర్సమ్మా, నా మీద ఉచ్చ పోసిండే!"

తడిసిన చీరతోనే ఇంటావిడ బయటికి వచ్చింది. ఆ తడి చూసి నేను గట్టిగా నవ్వాను. ఒంట్లో నీళ్ళు నిలబడితేనే కదా అది వస్తుంది. గండం గడిచినట్టే. మర్నాడు పొద్దుటి బస్సుకు దవాఖానకు తీసుకెళ్ళమన్నాను. సరే అంది. ఆవిడ వచ్చి నా పక్కనే కూలబడింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"నీకు పిల్లలే లేకపాయె. మరి గా డబ్బల గా పోరిని గట్లెట్ల సూసినవు బిడ్డా?"

తల వంచుకుని ఏడ్చాను. ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

ఊళ్ళో మాట ఎంతసేపు దాగుతుంది? వారం తిరిగేసరికి అందరికీ తెలిసింది. తలుపులు మళ్ళీ మూయలేదు, అంతవరకు మంచివాళ్ళే. బాలింతలు కొందరు నన్ను చూసి బిడ్డ మీద కొంగు కప్పేవాళ్ళు. చాలామంది గొంతు తగ్గించి జాలిగా మాట్లాడేవాళ్ళు. ఉప్పు చక్కెర నీళ్ళు మాత్రం ఊళ్ళో అందరికీ వచ్చేశాయి, నన్ను పిలవకుండానే కలుపుకునేవాళ్ళు. బిడ్డ ఎలా ఉందని ఎవరూ అడగడం లేదు. ఆ ప్రశ్న అంటే నాకెంత చిరాకో చెప్పాను కదా. అది ఆగిపోయాక గానీ తెలియలేదు, ఆ కొన్ని నెలలూ ఆ ఊళ్ళో నాకొక బిడ్డ ఉండేదని. నా గదిలో కూర వండుకుంటూ, ఎన్నడూ లేనిదాన్ని పోగొట్టుకున్నదానిలా కుమిలిపోయాను.

చలికాలంలో ఆ బొమ్మ మళ్ళీ వేశారు. వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళి, ఆడవాళ్ళ వెనక చీకట్లో నిలబడ్డాను. ఇంటావిడ అడిగిన మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. ఈసారి పిల్లను చూడలేదు. చెంచా పట్టుకుని, కొంగు తల మీదికి తీసుకుని కూర్చున్న ఆవిడ ముఖం చూశాను. ఊరివాళ్ళ తప్పేమీ లేదు. ఆవిడకు బిడ్డ లేదని ఎవరైనా చెబితే నేనూ నమ్మేదాన్ని కాదు.