గుండె విన్నాకే ఇస్తారట

నాలుగో తరగతితో ఆగిన చదువు నాది. పశువును చూసి కొనడం మాత్రం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. అందుకే మనవరాలు కుక్కపిల్లను ఎంచుకున్న రోజు, దాన్ని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి నేనే పరీక్ష చేశాను. చెడ్డ సుడి ఎక్కడా లేదు. చిగుళ్ళు ఎర్రగా ఉన్నాయి. తోక కింద శుభ్రంగా ఉంది.

"తీసుకోవచ్చు" అన్నాను.

కుక్కల్ని పెంచి అమ్మే కివీ ఆవిడ, అంటే ఈ దేశపు మనిషే, నవ్వి, ఇంకా పశువుల డాక్టరమ్మ చూడాలంది. టకానిని అనే ఊరు దాటాక పొలాల మధ్య ఆవిడ ఇల్లు. డాక్టరు చూడకుండా ఒక్క పిల్లను కూడా గడప దాటనివ్వదట.

"పిసరంత కుక్కకి డాక్టరెందుకే?" అని నా కూతుర్ని అడిగాను. అది ఇక్కడి ఆసుపత్రిలో నర్సు.

"కాసేపు ఊరుకో అమ్మా. వాళ్ళ రూల్ వాళ్ళది."

కాసేపటికి డాక్టరమ్మ వచ్చి ఒక్కొక్క పిల్ల కళ్ళూ, నోరూ, పొట్టా, మోకాళ్ళూ చూసింది. ఒకటి ఆమె చేతి మీదే ఉచ్చ పోసింది. తుడుచుకుని మళ్ళీ పట్టుకుంది. మా కుక్కపిల్ల వంతు వచ్చేసరికి స్టెతస్కోప్ దాని గుండె మీదే ఆగిపోయింది. కివీ ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

"గుండెలో మర్మర్ ఉందట, అంటే ఏదో అదనపు చప్పుడు" అంది కూతురు. "కొన్నిటికి ఎదిగేకొద్దీ పోతుందట. పోకపోతే జబ్బే. కొన్ని వారాలాగి మళ్ళీ చూసేదాకా ఇవ్వరట."

మనవరాలి కళ్ళు నిండిపోయాయి.

"ఏడవకు. పక్కదాన్ని పట్టుకో. మళ్ళీ ఇంత దూరం పెట్రోలు తగలేసుకుని ఎవరొస్తారు?"

"నో, అమ్మమ్మా! ఇదే నా పప్పీ. సిక్ అయితే వదిలేస్తామా?"

"జబ్బుదాన్ని కోరి తెచ్చుకునే తెలివి ఎవరు నేర్పారే నీకు?"

మా మాటలు అర్థం కాకపోయినా, గొంతులు విన్నట్టుంది డాక్టరమ్మ. స్టెతస్కోప్ నా చెవులకు పెట్టింది. ముందు ఆరోగ్యంగా ఉన్న పిల్లది వినిపించింది. టకటకా పరుగు. తరువాత మాది. అదే పరుగు, కానీ రెండు చప్పుళ్ళ మధ్య సన్నగా, కొళాయి సరిగ్గా కట్టనప్పుడు వచ్చే బుస.

వెంట్రుక వెంట్రుక తిప్పి చూసిన పిల్ల అది. దాని లోపల ఇంత జరుగుతోంది. నా గుప్పెడంత కూడా లేని ఛాతీలో అలసట లేని ఆ పని! నాకు తెలియకుండానే నా చెయ్యి నా గుండె మీదికి పోయింది. పక్కదాన్ని పట్టుకోమనే మాట మళ్ళీ నా నోట రాలేదు.

మిగతా పిల్లలన్నీ ఇళ్ళు చేరాయి. మాది అక్కడే ఉండిపోయింది. మనవరాలు రోజూ లేవగానే తల్లి ఫోనే చూసేది, కివీ ఆవిడ ఏమైనా పంపిందా అని.

వారాలు గడిచి రెండోసారి చూపించే రోజు, ఎవరూ పిలవకపోయినా నేనే కారెక్కాను. డాక్టరమ్మ ముందు నుంచీ పక్క నుంచీ విన్నది. కళ్ళు మూసుకుని మళ్ళీ విన్నది. తల ఎత్తి, బుస పోయిందని చెప్పింది. కివీ ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుని గోడ వైపు తిరిగిపోయింది. అమ్ముకునే పిల్ల కోసం అంత ఏడుపు నేనెక్కడా చూడలేదు. కళ్ళు తుడుచుకుని వచ్చి, కుక్కపిల్లను తనే మనవరాలి చేతుల్లో పెట్టింది.

టకానిని దాకా కారు మెల్లగా పోనివ్వమని కూతురికి చెబుతూనే ఉన్నాను.

"అమ్మా, మన వెనక ఎంత పెద్ద క్యూ ఉందో తెలుసా?"

"ఉండనీ" అన్నాను.