ఎగరేయడానికి కొన్న తుపాకీ

ఒమాన్‌లోని అల్ అమెరాత్‌లో మా ఇంటి యజమాని కింద ఉంటాడు, మేం పైన. నేనాయన్ని చాచా అంటాను, ఆయన నన్ను మేడమ్ అంటాడు. మాట్లాడుకునేది ఇద్దరికీ అరకొరగా వచ్చిన హిందీలో. ఒక సాయంత్రం మా ఆయన్నీ నన్నూ కిందికి పిలిచాడు. తివాచీ మీద ఒక పాత తుపాకీ ఉంది.

ఫోనులో ప్రకటన చూసి కొన్నాడట. లైసెన్సు ఉన్నవాడే. కాగితాలు మర్నాడు ఆయన పేరుకి మారతాయి. నచ్చకపోతే ఆలోపే తిరిగి ఇచ్చేయాలి. శుక్రవారం మనవడి పెళ్లి. ఇక్కడి పెళ్లిళ్లలో మగవాళ్లు డోలు మోతకి ఆడుతూ తుపాకీని పైకి ఎగరేసి, అది తిరుగుతూ దిగుతుంటే ఒంటిచేత్తో అందుకుంటారు. డెబ్బై దాటిన చాచా కూడా ఎగరేస్తాడట.

కాల్చడానికి కాకుండా ఎగరేయడానికి కొన్న తుపాకీలో మంచీచెడ్డా ఎలా చూడాలి? ఇలాంటి ప్రశ్న ఒకటి బుర్రలో పడితే అది తేలేదాకా నేను ఎవర్నీ ఊరుకోనివ్వను.

లోపల గుండు లేదని చాచా తెరిచి చూపించాక, మా ఆయన ఫోను లైటు వేసి గొట్టంలోకి చూశాడు.

"మస్తుగుంది. అద్దం లెక్క మెరుస్తుంది."

"మెరిస్తే ఏంది? కాలుస్తడా?"

"నీకేం ఎర్కనే తుపాకుల సంగతి?"

"నీకు బాగ ఎర్క మరి! దోమల బ్యాటు ఇప్పరాక చాచా దగ్గరికి ఉరికినోడివి."

ఎగిరి వచ్చే బరువంతా పడేది అందుకునే చేతిలో, అంటే చెక్క సన్నబడే మెడ దగ్గర. అది విరిగితే ఇనుము చాచా నెత్తినే పడుతుంది. అక్కడ చూద్దామంటే వెండి పట్టీ అడ్డం. అలాంటి పట్టీలు తుపాకీ పొడవునా ఉన్నాయి. మిగతా వాటి గీతల్లో నలుపు దిగింది. దీన్లో లేదు.

చాచా భార్యను పిలిచాను. చాచీ తన పాత కడియం పక్కన పెట్టి చూసి, గీతల్లో గోరు ఆడించింది.

"మిగతావాటికి మా అత్త వయసుంటుంది. ఇది నిన్నగాక మొన్నటిది."

"అందానికి వేసుంటాడు" అన్నాడు చాచా, ముఖం చిన్నబుచ్చుకుని.

"అందానికైతే ఈ ఒక్కచోటే ఎందుకు, చాచా?"

"ఇంకా నాది కాదు మేడమ్, ఊడదీయకు."

చాచీ ఆయన మాట వినిపించుకోలేదు. వదులుగా ఉన్న పట్టీని బొటనవేలితో జరిపింది. కింద జిగురు పూసిన పగులు. మా ఆయన కాస్త వంచగానే అది నోరు తెరిచింది.

అమ్మినవాడికి ఫోను చేసి, పెట్టేశాక చాచా చెప్పాడు: "గోడకి తగిలించుకోవడానికి బ్రహ్మాండంగా ఉంది కదా, ఇప్పుడెవరు ఎగరేస్తున్నారు అంటాడు."

నాకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. మంచి కండిషన్ అని ప్రకటనలో ఉంది. దేనికి మంచిదో అమ్మేవాడు రాయలేదు, కొనేవాడు అడగలేదు.

దాన్ని తిప్పి పంపించేశాడు. శుక్రవారానికి రుస్తాఖ్ నుంచి తమ్ముడి తుపాకీ తెప్పించుకున్నాడు. పెళ్లిలో ఆడవాళ్లం దూరంగా గోడవారన నిలబడి చూశాం.

"ముసలాడు ఊరికే పట్టుకుని నిలబడకూడదూ" అని గొణుగుతోంది చాచీ, చూపు మాత్రం తిప్పదు. తుపాకీ లేచింది, తిరిగింది, వచ్చి చాచా చేతిలో పడింది. చాచీ గట్టిగా ఊపిరి వదిలింది.

"ఇంకోసారి ఎగరేస్తే ఇంట్లోకి రానివ్వను."

అప్పటికే ఎగరేశాడు. ఈసారి ఇంకా ఎత్తుకి.